అద్దంలో రూపం, పళ్ళెంలో అన్నం: కొన్ని అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ చుట్టుపక్కల పనిచేసే నాలాంటి డైటీషియన్ దగ్గరికి వచ్చేవారిలో తెలుగువారు తక్కువేమీ కాదు. నెల్లూరు నుంచో కర్నూలు నుంచో వచ్చి, పీజీలో ఉంటూ ఐటీ ఉద్యోగాలు చేసుకుంటున్న యువతీయువకులే వారిలో ఎక్కువ. కుర్చీలో కూర్చోగానే చాలామంది "మేడమ్, ఏం మానెయ్యమంటారు?" అని అడుగుతారు. ఆ ప్రశ్న ఎక్కడి నుంచి పుట్టిందో తెలుసుకోకుండా డైట్ చార్టు రాసి ఇవ్వడం నాకు ఇష్టం ఉండదు.

అపోహ: పగలంతా కడుపు మాడ్చుకుని రాత్రికి ఎడాపెడా తినేస్తున్నానంటే, నాకు నోరు కట్టుకోవడం చేతకాదన్నమాట.

వాస్తవం: నేను అన్నిటికన్నా ఎక్కువగా వినేది ఈ మాటే. ఒక అమ్మాయి (వివరాలు మార్చి చెబుతున్నాను) తాను ఏం తింటున్నదీ రాసిన నోటు పుస్తకం తెచ్చింది. ఉదయం గ్రీన్ టీ, మధ్యాహ్నం కీరా ముక్కలు, ఒక గుడ్డు తెల్లసొన అని పొందికైన అక్షరాలతో రాసి ఉంది. రాత్రి గడి మాత్రం ప్రతి పేజీలోనూ ఖాళీయే. మెల్లగా అడిగితే, రూమ్మేట్ నిద్రపోయాక అమ్మ పంపిన డబ్బాలోని సున్నుండలు, జంతికలు, ఆపైన ఒక బిస్కెట్ ప్యాకెట్ నిలబడే తినేస్తానని, ఖాళీ కవర్లు హ్యాండ్‌బ్యాగులో దాచి ఆఫీసు చెత్తబుట్టలో పడేస్తానని చెప్పింది. ఆ తప్పుకు శిక్షగా మర్నాడు టిఫిన్ మానేస్తుంది. రాత్రి మళ్ళీ అదే వరస.

ఇది చేతకానితనం కాదని ఒక పాత ప్రయోగం చూపింది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త బృందం, ఆరోగ్యవంతులైన 36 మంది యువకులకు 24 వారాల పాటు అర్ధాకలిగా ఉండేంత తిండి మాత్రమే పెట్టింది. అది రోజుకు సుమారు 1,570 కేలరీలు. బరువు తగ్గడానికి ఇప్పటి ఫోన్ యాప్‌లలో తరచుగా కనిపించే 1,200 కేలరీల లెక్క కన్నా ఎక్కువే (వారు మగవారనీ, వారానికి 22 మైళ్ళు నడిచేవారనీ మరచిపోకూడదు). వారెవరూ అందం కోసమో పెళ్ళిచూపుల కోసమో చిక్కిపోవాలని వచ్చినవారు కారు. అయినా వారికి తిండి ధ్యాస తప్ప మరొకటి లేకుండా పోయింది. చిరాకు, దిగులు పెరిగాయి. కొందరు వంటల పుస్తకాలు పోగుచేయసాగారు. ఆంక్షలు ఎత్తేశాక ఎంత తిన్నా ఆకలి తీరనివారు కూడా ఉన్నారు. కడుపు మాడిన శరీరం తన బాకీ వసూలు చేసుకుంటుంది, దానికి మనిషి మంచిచెడులతో సంబంధం లేదు. అందుకే ఆ అమ్మాయికి రాత్రి తిండి గురించి నేను ఏ నిషేధమూ పెట్టలేదు. పొద్దున ఇడ్లీ సాంబారు, మధ్యాహ్నం పప్పన్నం, కూర, పెరుగు, సాయంత్రం గుప్పెడు వేయించిన పల్లీలు రాసిచ్చాను. మూడు నాలుగు గంటలకొకసారి వేళకు తినడం ఈ సమస్యకు చేసే చికిత్సలో తొలి మెట్టు.

అపోహ: అన్నం మానేస్తే చాలు, ఒళ్ళు దానంతటదే తగ్గుతుంది.

వాస్తవం: అన్నం తగ్గించవలసినవారు మనలో చాలామంది ఉన్నారు, వెలివేయవలసిన అవసరం మాత్రం లేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం, రోజువారీ కేలరీలలో ధాన్యాలు, చిరుధాన్యాల వాటా 45 శాతం వరకు ఉండవచ్చు. ఆదివారం ఆంధ్రా మెస్‌లో ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి కలుపుకుని నాలుగు ముద్దలు తిన్నందుకు సోమవారమంతా ఉపవాసం ఉండనక్కర్లేదు.

అపోహ: ఒంటి రూపం గురించి బెంగ, దానికోసం తిండితో ఈ పోరు ఆడపిల్లల సమస్య.

వాస్తవం: జిమ్‌కు వెళ్ళే అబ్బాయిలు కండలు ఎప్పటికీ చాలడం లేదని బాధపడుతూ, స్నేహితుడి పెళ్ళిలో కూడా విస్తరి ముందు కూర్చోకుండా డబ్బాలోని ఉడికించిన చికెన్ తినే స్థితికి వస్తారు. దాన్ని ఇంట్లోవారు క్రమశిక్షణ అనుకుని మెచ్చుకుంటారు కనుక బయటపడటం ఆలస్యమవుతుంది.

అపోహ: ఇదంతా సినిమాలు, ఇన్‌స్టాగ్రామ్ చేసిన పని.

వాస్తవం: కొంత నిజమే. ఫిజీలో నద్రోగా ప్రాంతానికి టీవీ 1995లో వచ్చింది. నిండైన శరీరాన్ని మెచ్చుకునే ఆ సమాజంలో, బరువు తగ్గడానికి వాంతి చేసుకునే బడి ఆడపిల్లలు అప్పటి సర్వేలో ఒక్కరూ లేరు. 1998 నాటికి వారు 11.3 శాతం అయ్యారని యాన్ బెకర్ బృందం గుర్తించింది. అయితే మన ఇళ్ళలో టీవీ అవసరం కూడా లేదు. సంక్రాంతికి ఇంటికి వెళ్ళిన పిల్ల గుమ్మంలో చెప్పులు విప్పకముందే "ఏమిటే, ఇలా ఒళ్ళు చేశావు?" అని పలకరించే అత్తయ్యే, పది నిమిషాల తరువాత ఇంకో రెండు అరిసెలు తినకపోతే ఒట్టు పెడుతుంది.

అపోహ: ఆ మాత్రం అనకపోతే ఎవరు తగ్గుతారు?

వాస్తవం: బరువును పట్టించుకోవద్దని నేను అనను. మధుమేహం మనకు తక్కువ బరువులోనే రావచ్చు కనుక, భారతీయులకు బీఎంఐ (ఎత్తును బట్టి బరువును కొలిచే లెక్క) 23 దాటితే అధిక బరువుగా, 25 నుంచి ఊబకాయంగా లెక్కించాలని 2009లో మన వైద్యనిపుణులు సూచించారు. నేను నడుము కొలత కూడా తీసుకుంటాను. కానీ బరువు గురించి ఎగతాళికి గురైన పిల్లలలో ఆ తరువాత అదుపు లేకుండా తినడం, బరువు పెరగడం ఎక్కువని దీర్ఘకాలిక అధ్యయనాలు చెబుతున్నాయి. అవమానం మందు అయితే మన కుటుంబాలలో లావు మనుషులే ఉండకూడదు.

అపోహ: ఎక్కువ తిన్న రోజు విరేచనాల మాత్ర వేసుకుంటే సరిపోతుంది.

వాస్తవం: కేలరీలు చాలా భాగం చిన్నపేగులోనే ఒంటబడతాయి, ఆ మాత్రలు పనిచేసేది ముఖ్యంగా పెద్దపేగు మీద. మరునాడు తూకంలో తగ్గినట్టు కనిపించేది నీరే. దానితో పాటు పొటాషియం పోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. వాంతులు చేసుకునేవారికి ఇదే ముప్పుతో పాటు పళ్ళ పైపొర కూడా అరిగిపోతుంది. ఈ అలవాటు ఉన్నవారికి నా చార్టు ఒక్కటే చాలదు: ముందుగా ఫిజీషియన్ దగ్గర రక్తంలో లవణాల పరీక్ష, ఈసీజీ చేయించాలి, ఆపైన మానసిక వైద్యులను కలవాలి. నగరంలో మానసిక, నాడీ వైద్యానికి పేరొందిన నిమ్హాన్స్ ఆసుపత్రి ఉంది. అంతదూరం వెళ్ళడానికి జంకేవారు ముందు 14416కు ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అనే ఈ ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ ఉచితం, ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు.