మోకాలి బ్రేస్ కట్టుకుని స్కీయింగ్: అపోహలు - వాస్తవాలు

మంచు సీజన్‌కి నెల ముందు నా ఫిజియోథెరపీ గదికి వచ్చేవాళ్లలో చాలామంది చేతిలో ఒక సంచి ఉంటుంది. అందులో మోకాలికి ఆసరాగా కట్టే కొత్త బ్రేస్, ఇంకా అట్ట కూడా తీయనిది. "ఇది కట్టుకుంటే వెళ్లొచ్చు కదండీ?" అని మొదటి ప్రశ్న. "అసలు మీ మోకాలికి ఏమైంది?" అని నేను అడిగితే, "ఏదో పాత దెబ్బండీ, లిగమెంట్ అన్నారు" అంటారు. లిగమెంట్ అంటే ఎముకల్ని కలిపి పట్టి ఉంచే తాడులాంటి కణజాలం; అందులో ఏది అన్నది మాత్రం గుర్తుండదు. బ్రేస్ పనికొస్తుందా లేదా అన్నది తేలేది అక్కడే కాబట్టి ముందు పాత రిపోర్టు వెతికి తెమ్మని పంపిస్తాను.

అపోహ: బ్రేస్ ఏదైనా ఒకటే, బిగుతుగా ఉంటే చాలు

నీక్యాప్ అని మనం పిలిచే గొట్టంలాంటి తొడుగు మోకాలిని వెచ్చగా ఉంచుతుంది. చర్మాన్ని ఒత్తిపట్టి ఉంచడం వల్ల కాలు ఏ కోణంలో ఉందో మెదడుకి కాస్త స్పష్టంగా తెలుస్తుంది. కొద్దిపాటి నొప్పి ఉన్నవాళ్లకి హాయిగానే ఉంటుంది. కానీ తెగిన లిగమెంట్ చేయాల్సిన పని అది చేయలేదు.

రెండు పక్కలా కీలు ఉన్న బ్రేస్ మోకాలు పక్కకి వంగకుండా అడ్డుకుంటుంది. లోపలి పక్క లిగమెంట్, అంటే ఎంసీఎల్, బెణికి మానినవాళ్లకి నేను ఎక్కువగా చెప్పేది ఇదే. స్కీయింగ్ కొత్తగా నేర్చుకునేవాళ్లు వేగం తగ్గించడానికి స్కీల ముందు కొసలు దగ్గరికి చేర్చి, వెనక కొసలు విడదీసి నిలబడతారు. ఆ భంగిమలో కాళ్లు విడిపోయి పడితే దెబ్బ తినేది ఎక్కువగా ఎంసీఎల్లే.

మోకాలి లోపల మధ్యలో ఉండే లిగమెంట్, అంటే ఏసీఎల్, తెగిపోయి లేనివాళ్లకి, లేదా సర్జరీతో కొత్తది వేయించుకున్నవాళ్లకి లోహం లేదా కార్బన్ ఫ్రేముతో చేసే గట్టి బ్రేస్ ఉంటుంది. మోకాలి గుజ్జు ఒక పక్కే అరిగినవాళ్లకి ఆ పక్క మీద బరువు తగ్గించే రకం వేరే ఉంది. ఒకరి బ్రేస్ ఇంకొకరికి అరువిచ్చుకునే వస్తువు కాదు.

అపోహ: గట్టి బ్రేస్ ఉంటే ఏసీఎల్ తెగదు

ఇది కాస్త వివరంగా చెప్పాలి. స్కీయింగ్‌లో ఏసీఎల్ తెగడానికి గుద్దుకోవడమే అక్కర్లేదు. తూకం తప్పి వెనక్కి కూలబడతారు. తుంటి మోకాళ్ల కంటే కిందికి దిగుతుంది, ఎగువ స్కీ మీద బరువుండదు. ఒళ్లంతా దిగువ కాలి స్కీ వెనక భాగం మీద, దాని లోపలి అంచు మీద పడుతుంది. ఆ అంచు మంచులో దిగి గబుక్కున పక్కకి మళ్లుతుంది. బూటు వెనక పొడుచుకొచ్చిన స్కీ తోక, వెనక్కి తిరిగిన ఇంకో పాదంలా మారి మోకాలిని మెలిపెడుతుంది. అందుకే దీనికి ఫాంటమ్ ఫుట్, అంటే లేని పాదం, అని పేరు పెట్టారు.

ఇప్పుడు బ్రేస్ సంగతి చూడండి. అది ఎముకకి బిగించింది కాదు. తొడ కండ మీద, పిక్క కండ మీద పట్టీలతో నిలబడుతుంది. కండ మెత్తన. లోపల ఎముక తిరుగుతుంటే బయట ఫ్రేము దాన్ని కొంతవరకే ఆపగలదు. చిన్న బలాలకి బాగా పనిచేస్తుంది, బలం పెరిగేకొద్దీ దాని పట్టు తగ్గుతుంది. పక్కకి వంగడాన్ని ఆపినంత బాగా మెలికని ఆపలేదు.

మెలికకి బ్రేస్ కంటే బాగా పనికొచ్చింది శిక్షణ. అమెరికాలోని వెర్మాంట్ పరిశోధకులు స్కీ కేంద్రాల్లో పనిచేసే గస్తీ సిబ్బందికి, శిక్షకులకి ఈ భంగిమని గుర్తుపట్టడం నేర్పారు. 1995లో ప్రచురించిన ఫలితాల ప్రకారం శిక్షణ పొందినవాళ్లలో తీవ్రమైన మోకాలి గాయాలు 62 శాతం తగ్గాయి. వాళ్లు నేర్పింది ఖర్చు లేని పని: తూకం తప్పుతోంది అనిపించగానే చేతులు ముందుకి, పాదాలు దగ్గరికి. పడిపోతుంటే కాళ్లు పూర్తిగా చాచొద్దు. జారడం ఆగేదాకా లేవాలని చూడొద్దు. ఈ చివరి మాట ఎవరూ వినరు. పడ్డామన్న సిగ్గుతో జారుతూనే లేవబోయి మోకాలు పోగొట్టుకున్నవాళ్లని చూశాను.

అపోహ: అయితే బ్రేస్ ఉత్తి మనోధైర్యమే

అలా కొట్టిపారేసే డాక్టర్లూ ఉన్నారు. నేను ఒప్పుకోను. ఏసీఎల్ లేకుండానే స్కీయింగ్ చేస్తున్న 180 మంది వృత్తి స్కీయర్లని గమనించి 2003లో ఒక అధ్యయనం ప్రచురించారు. బ్రేస్ కట్టినవాళ్లలో 2 శాతం మందికి, కట్టనివాళ్లలో 13 శాతం మందికి మళ్లీ మోకాలి గాయమైంది. ఏసీఎల్ సర్జరీ అయిన 820 మంది మీద 2006లో వచ్చిన అధ్యయనంలో, బ్రేస్ లేనివాళ్లకి మళ్లీ గాయమయ్యే అవకాశం 2.74 రెట్లు ఉన్నట్టు తేలింది.

ఈ అంకెలు చెప్పినప్పుడు ఒక మాట కలపకపోతే అన్యాయం. వాళ్లంతా మంచు మీదే ఉద్యోగం చేసేవాళ్లు. చీటీ వేసి విడదీసిన గుంపులూ కావు. ఏడాదికి ఐదు రోజులు వెళ్లే మీకు సరిగ్గా అదే లాభం వస్తుందని నేను చెప్పలేను. ఏ దెబ్బా లేని మోకాలికి ముందుజాగ్రత్తగా బ్రేస్ కొనడానికైతే ఈ అధ్యయనాలు బొత్తిగా సాక్ష్యం కావు.

అపోహ: బైండింగ్ ఊడిపోతుంది కాబట్టి మోకాలికి భయం లేదు

బైండింగ్ అంటే బూటుని స్కీకి పట్టి ఉంచి, గట్టిగా పడితే వదిలేసే బిగింపు. అది పుట్టింది మోకాలి కింది ఎముక విరగకుండా కాపాడటానికి. ఏసీఎల్ తెగేంత మెలిక పడినా అది వదలకపోవచ్చు. అలాగని మీరే స్క్రూ తిప్పి వదులు చేసుకోకండి. అక్కర్లేనప్పుడు ఊడినా పడతారు.

అపోహ: బ్రేస్ కడితే కండరాలు చచ్చుబడిపోతాయి

స్కీయింగ్ చేసే ఆ కొన్ని గంటలు కట్టుకున్నంత మాత్రాన పోవు. వ్యాయామం మానేస్తే పోతాయి. సర్జరీ అయినవాళ్లకి నా లెక్క: తొడ ముందు కండరం బలం రెండో కాలితో పోలిస్తే 90 శాతమైనా ఉండాలి, ఒంటికాలి గెంతు దూరం కూడా అంతే. దాంతోపాటు కనీసం 9 నెలలు గడవాలి. మోకాలిని మెలితిప్పే ఆటల్లోకి తిరిగి వెళ్లడాన్ని 9 నెలల దాకా వాయిదా వేసిన ఒక్కో నెలకీ మళ్లీ గాయమయ్యే రేటు 51 శాతం తగ్గినట్టు 2016 నాటి అధ్యయనం ఒకటి చూపించింది. ఆరో నెలలో బ్రేస్ చేతపట్టుకుని వచ్చేవాళ్లకి ఈ అంకె కాగితం మీద రాసి ఇస్తాను.

అపోహ: కట్టుకోవడంలో ఏముంది, నాలుగు పట్టీలేగా

అసలు గొడవంతా ఇక్కడే. కీలు మోకాలి చిప్ప మధ్యకి సమానంగా ఉండాలి. రెండు అంగుళాలు జారితే కాలు ఒక చోట వంగుతుంది, బ్రేస్ ఇంకో చోట వంగుతుంది. చాలా ఫ్రేము బ్రేసుల్లో మొదట బిగించాల్సింది మోకాలికి కాస్త కిందగా, పిక్క ఉబ్బుకి పైన ఉండే పట్టీ. అది నిలిస్తేనే మిగతావి నిలుస్తాయి. ప్యాంటు మీద కట్టొద్దు, చర్మం మీద గానీ పల్చటి లోదుస్తు మీద గానీ కట్టాలి. రెండు మూడు సార్లు స్లోప్ దిగాక ఆగి మళ్లీ బిగించుకోవాలి.

పోయినసారి ఒకాయన్ని స్కీ బూట్లు కూడా పట్టుకురమ్మన్నాను. బ్రేస్ కట్టి, బూటు తొడిగించి, పది గుంజీలు తీయించాను. ఆరో గుంజీకే "టక్ టక్" మని శబ్దం. బ్రేస్ కింది అంచు బూటు పై అంచుకి తగిలి, ఫ్రేము మొత్తం పైకి నెట్టుకొస్తోంది. విప్పి చూస్తే పిక్క మీద వేలెడు పొడవు ఎర్రటి గీత. "మంచు మీద కూడా ఇలాగే ఉండేదండీ, బ్రేస్ అంటే అంతేననుకున్నా" అన్నారాయన. పిక్క భాగం పొట్టిగా ఉన్న బ్రేస్‌కి మార్చుకున్నాక ఆ శబ్దం పోయింది.

పాదం తిమ్మిరెక్కితే "చలికి" అని వదిలేయకండి. మోకాలి బయటి పక్క, కాస్త కిందగా, ఎముక మీదుగా ఒక నరం పోతుంది. పట్టీ దాన్ని నొక్కితే పాదం పైభాగం మొద్దుబారుతుంది. వెంటనే వదులు చేయాలి.

ఇక మోకాలు ఒక కోణంలో ఇరుక్కుపోయి చాచలేకపోతున్నా, మెట్లు దిగుతుంటేనే పట్టు తప్పుతున్నా, నిన్నటి నడకకే ఈ రోజు వాపు వచ్చినా, అలాంటివాళ్లకి నేను బ్రేస్ కొలతలు తీసుకోను. ముందు ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించుకోమని పంపిస్తాను.