రక్తంలో మందు స్థాయి పరీక్ష: కొన్ని అపోహలు, వాస్తవాలు

మూర్ఛకూ మానసిక వ్యాధులకూ మందులు వాడేవారు, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారు నల్లగొండలోని మా ల్యాబ్‌కు వస్తుంటారు. రక్తంలో మందు ఎంత ఉందో చూసి డాక్టరు మోతాదు మారుస్తారు. కాబట్టి ఇక్కడ ఒక్క అంకె తప్పినా అది నేరుగా మాత్ర మీదే పడుతుంది.

అపోహ: పరగడుపున వస్తే చాలు.

షుగర్ పరీక్షతో వచ్చిన అలవాటు ఇది. ఈ పరీక్షల్లో చాలావాటికి చూడాల్సింది టిఫిన్ తిన్నారా లేదా అని కాదు, చివరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారని. మానసిక వ్యాధికి వాడే లిథియానికి చివరి మోతాదు తర్వాత 12 గంటలకు రక్తం తీయాలి. కిడ్నీ మార్పిడి తర్వాత వాడే టాక్రోలిమస్‌కైతే ఉదయం మాత్ర వేసుకోకముందే తీయాలి. అచ్చంపేట నుంచి తొలి బస్సుకు బయలుదేరిన పెద్దాయన ఒకరు, టైము దాటుతుందని దారిలోనే మాత్ర మింగి వచ్చారు. ఆయన్ను మర్నాడు మళ్లీ రమ్మని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అయినా చెప్పాను. మాత్ర జేబులో పెట్టుకుని రండి, రక్తం ఇచ్చాక వేసుకోండి.

అపోహ: యంత్రం చేస్తే తప్పే జరగదు.

యంత్రం బార్‌కోడ్ చదువుతుంది, సూది ముంచుతుంది, మొదటి నమూనాకూ తొంభయ్యో నమూనాకూ ఒకే కొలతలో సీరం (గడ్డకట్టిన రక్తం పైన తేలే ద్రవం) తీస్తుంది. చేత్తో అంత నిలకడ సాధ్యం కాదు. కానీ ఆ సూది ద్రవం ఉపరితలాన్ని తాకి గుర్తుపడుతుంది. పైన నురగ ఉంటే దాన్నే ద్రవమనుకుని గాలి పీల్చే ప్రమాదం ఉంది. అప్పుడు ఫలితం తక్కువగా వస్తుంది, చూడడానికి మాత్రం మామూలు అంకెలాగే ఉంటుంది. గడ్డలనూ బుడగలనూ పసిగట్టే ఏర్పాట్లు ఉన్నాయి, అయినా ట్యూబును వెలుతురుకు ఎత్తి చూడకుండా నేను లోపల పెట్టను.

ట్యూబు సంగతి మరీ ముఖ్యం. ఆకుపచ్చ మూత ట్యూబుల్లో చాలావాటిలో రక్తం గడ్డకట్టకుండా లిథియం హెపారిన్ వేసి ఉంటుంది. లిథియం పరీక్షకు అందులో రక్తం తీస్తే, ఒక్క మాత్ర కూడా మింగని మనిషిలోనూ లిథియం కనిపిస్తుంది. ఇతర చోట్ల తీసి పంపిన నమూనాల్లో ఇలాంటివి నా చేతికి వచ్చాయి. యంత్రం వాటిని నమ్మకంగా కొలిచేది.

అపోహ: అంకె హద్దులో ఉంటే మోతాదు సరిగ్గా ఉన్నట్టే.

మూర్ఛకు వాడే ఫెనిటోయిన్‌కు మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాములు హద్దు. అయితే ఆ మందులో దాదాపు 90 శాతం రక్తంలోని అల్బుమిన్ అనే ప్రోటీన్‌కు అతుక్కుని ఉంటుంది, పని చేసేది మిగిలినదే. అల్బుమిన్ తగ్గిన కిడ్నీ రోగిలో మొత్తం అంకె 12 ఉన్నా, విడిగా ఉన్న మందు ఎక్కువై నడక తూలవచ్చు. పైగా ఈ మందు మోతాదు కొంచెం పెంచినా స్థాయి ఒక్కసారిగా ఎగబాకవచ్చు. అందుకే ఫారం మీద మాత్ర వేసుకున్న టైముతో పాటు, ఉంటే అల్బుమిన్ రిపోర్టు వివరం కూడా రాయమని అడుగుతాను.