బ్లాట్ రాకపోతే తప్పెవరిది?

తిరుపతి ల్యాబుల్లో పాత గొడవ మళ్ళీ లేచింది. ఎలుక మెదడు మీద పనిచేసే స్కాలర్లు నెలల తరబడి వెస్టర్న్ బ్లాట్లు వేస్తారు. ఫలానా ప్రోటీన్‌ని వెతికి అంటుకునే యాంటీబాడీతో అది ఉందో లేదో చూసే పరీక్ష అది, ప్రోటీన్ ఉన్నచోట గీతలా బ్యాండ్ రావాలి. రావాల్సిన చోట బ్యాండ్ రాదు, రాకూడని చోట నాలుగు వస్తాయి. గైడ్‌కి చూపిస్తే చేయడం చేతకాలేదంటారు. స్కాలర్లు యాంటీబాడీయే బాగాలేదంటారు. ఎలాగో ఒక బొమ్మ తెచ్చుకుని పేపర్ పంపితే, ఇది ఫలానా ప్రోటీన్‌నే పట్టుకుంటోందనడానికి రుజువేదని రివ్యూయర్ వెనక్కి పంపుతాడు. ఈసారి తగువు ల్యాబు గడప దాటి స్టోర్స్ సెక్షన్ దాకా పోయింది. ఆ యాంటీబాడీ వయల్‌ని (చిన్న సీసాని) ఎంచుకున్నది ఎవరు, కొన్నది ఎవరు, పోయిన డబ్బుకి జవాబు ఎవరు చెప్పాలి?

యాంటీబాడీ అంటే ఏమిటో, 1975లో కోలర్, మిల్‌స్టీన్ ఒకే రకం యాంటీబాడీని కావలసినంత తయారుచేసే దారి కనిపెట్టి 1984లో నోబెల్ ఎలా అందుకున్నారో డిగ్రీ పుస్తకాల్లోనే ఉంది. ఆ కథ ఇక్కడ అక్కర్లేదు. ఇప్పటి తగువు అర్థం కావాలంటే 2005కి వెళ్ళాలి.

ఆ ఏడాది జర్నల్ ఆఫ్ కంపారెటివ్ న్యూరాలజీలో సంపాదకుడు క్లిఫర్డ్ సాపర్ పాఠకులకు ఒక బహిరంగ లేఖ రాశారు. నాడీ వ్యవస్థ నిర్మాణం మీద 1891 నుంచీ వస్తున్న పత్రిక అది. అచ్చయిన తమ పేపర్లను వెనక్కి తీసుకోవాల్సి వచ్చిందని కొందరు రచయితలు దిగులుగా రాస్తున్నారని ఆయన చెప్పారు. కారణం ఒకటే. ఒక ప్రోటీన్‌కి సంబంధించిన జీన్‌ని పూర్తిగా తీసేసిన ఎలుకలు అప్పటికి చాలా ల్యాబులకు అందుబాటులోకి వచ్చాయి. నాకౌట్ ఎలుకలు అంటారు. ఆ ప్రోటీన్ అసలు లేని ఎలుక మెదడు మీద అదే యాంటీబాడీ వేసి చూస్తే, మామూలు మెదడులో ఎలా రంగు పడుతుందో అచ్చం అలాగే పడుతోంది. అంటే అన్నేళ్ళూ చూసింది వేరే దేన్నో.

అంతకు రెండేళ్ళ ముందు, 2003లోనే సాపర్, పాల్ సాచెంకో కలిసి ఇదే హెచ్చరిక చేశారు. అందరూ నమ్ముకున్న పరీక్ష ఒకటుండేది. ఏ పెప్టైడ్‌తో (ప్రోటీన్‌లోని చిన్న ముక్కతో) యాంటీబాడీని తయారుచేశారో అదే పెప్టైడ్‌ని ముందుగా యాంటీబాడీలో కలిపి, తర్వాత మెదడు ముక్క మీద వేస్తారు. రంగు పడకపోతే యాంటీబాడీ మంచిదని లెక్క. కానీ యాంటీబాడీని పెప్టైడ్ ఆక్రమించేశాక అది అసలు ప్రోటీన్‌నీ పట్టుకోదు, పొరపాటున పట్టుకునే ఇంకోదాన్నీ పట్టుకోదు. పోలీసు కుక్క మూతి కట్టేస్తే ఎవరినీ కరవదు, నిజమే. అంతమాత్రాన నిన్న కరిచింది దొంగనే అని రుజువవుతుందా? ఇన్ని థీసిస్‌లలో, ఇన్ని దేశాల్లో, ఈ పరీక్షనే రుజువుగా రాసుకుంటూ వచ్చారు.

ఆ లేఖ తర్వాత పత్రిక నిబంధన పెట్టింది. వాడిన ప్రతి యాంటీబాడీకీ కంపెనీ పేరు, కేటలాగ్ నంబరు, లాట్ నంబరు, జంతువుకి దేన్ని ఎక్కించి తయారుచేశారు, సరైనదని ఎలా తెలుసు, అన్నీ రాయాలి. తర్వాత మిగతా పత్రికలూ మెల్లమెల్లగా ఆ దారిలోకి వచ్చాయి. న్యాయమైన నిబంధనే. అయితే నా లెక్కలో అసలు మలుపు ఇక్కడే ఉంది. పత్రిక తనకి పేపర్ పంపేవాళ్ళనే కట్టడి చేయగలదు, సరుకు అమ్మే కంపెనీని చేయలేదు. రుజువు చూపాల్సిన బరువు అమ్మినవాడి మీద పడాల్సింది పోయి వాడినవాళ్ళ మీద పడింది. వాడినవాళ్ళలోనూ నాకౌట్ ఎలుకల కాలనీ ఉన్న పెద్ద ల్యాబు తట్టుకుంటుంది. ఫెలోషిప్ మీద నెట్టుకొచ్చే స్కాలర్ తట్టుకోలేడు.

నాడీకణాల ప్రోటీన్ల దగ్గరే ఇది ఎందుకింత ముదిరింది? ఒక కారణం, మెదడులోని రిసెప్టర్లు, అంటే కణం మీద సంకేతాలు అందుకునే ప్రోటీన్లు, కుటుంబాలు కుటుంబాలుగా ఉంటాయి, ఒకదానికొకటి పోలికలు ఎక్కువ, కణంలో ఉండే మోతాదు తక్కువ. 2009లో 19 రకాల రిసెప్టర్ల మీద అమ్ముతున్న 49 యాంటీబాడీల సమాచారాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే, తన రిసెప్టర్‌ని మాత్రమే కాక వేరేవాటినీ పట్టుకోవడం మినహాయింపు కాదు, మామూలేనని తేలింది. మంచివి లేవని కాదు. న్యూఎన్ యాంటీబాడీనే చూడండి. ఎలుక మెదడు కణాల కేంద్రకాలను ఎక్కించి తయారుచేసిన ఈ యాంటీబాడీని 1992లో ప్రకటించారు. నాడీకణాలను లెక్కపెట్టడానికి లోకమంతా దాన్నే వాడింది. అది పట్టుకునేది ఫాక్స్-3 అనే ప్రోటీన్‌నని తెలిసింది మాత్రం 2009లో. అన్నేళ్ళూ పేరు తెలియకుండానే పని నడిచింది, ఎందుకంటే ఎక్కడ రంగు పడుతుందో, ఎక్కడ పడదో మొదట్లోనే ఒళ్ళు దగ్గర పెట్టుకుని చూశారు. చిన్నమెదడులోని పర్కింజీ అనే నాడీకణాలకు అది అంటదని అప్పుడే రాసిపెట్టారు.

ఇక మన ఊరి సంగతి. 1954లో మొదలైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పురుగుమందులు మెదడుని ఏం చేస్తాయన్న పరిశోధన జంతుశాస్త్రంలో దశాబ్దాల నాటిది. ఆ తరం చాలావరకు కొలిచింది ఎంజైములని. ఎసిటైల్ కోలిన్ ఎస్టరేజ్ అనే మెదడు ఎంజైముకి 1961 నాటి ఎల్మన్ పద్ధతి ఉంది. మెదడు ముక్కని నూరి, రసాయనం కలిపితే పసుపు రంగు తేలుతుంది, 412 నానోమీటర్ల దగ్గర దాన్ని చదువుకుంటారు. యాంటీబాడీ ఊసే లేదు. ఎంజైము పనిచేస్తే రంగు వస్తుంది, లేకపోతే రాదు, దొంగ బ్యాండ్ల బెడద లేదు. తర్వాత జర్నళ్ళు ఎంజైము పనితనం ఒక్కటే చాలదు, ప్రోటీన్ ఎంతుందో కూడా చూపించమన్నాయి. సినాప్టోఫైసిన్, జీఎఫ్ఏపీ, టౌ అంటూ మెదడు ప్రోటీన్ల జాబితా పెరిగింది. ఇప్పుడు గైడ్లుగా ఉన్నవాళ్ళలో చాలామంది చెయ్యి తిరిగింది ఆ పసుపు రంగు కాలంలో. ఫలితం రాలేదంటే పైపెట్ పట్టినవాళ్ళ తప్పే అయ్యుండాలన్న నమ్మకం అక్కడిదే. ఆ కాలానికి అది నిజం కూడా.

గైడ్లు చెప్పే మాట ఇది: ఈ యాంటీబాడీని లోకంలో ఎన్ని పేపర్లలో వాడలేదు, వాళ్ళకి వచ్చింది మనకెందుకు రాదు? ప్రోటీన్లు అంటిన మెంబ్రేన్‌ని (పొరని) ఎండనిచ్చి ఉంటారు, కరెంటు పోయినప్పుడు ఫ్రీజర్ చూసుకుని ఉండరు, వాడిన ద్రావణాన్నే పదేపదే వాడి ఉంటారు. ఇవన్నీ జరుగుతాయి, కాదనలేం.

కానీ ‘ఇంతమంది వాడారు కదా’ అన్న వాదన 2019లోనే వీగిపోయింది. ఏఎల్ఎస్ అనే నాడీ జబ్బుతో ముడిపడిన సీ9ఓఆర్ఎఫ్72 ప్రోటీన్ మీద దొరికే యాంటీబాడీలన్నిటినీ మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం బృందం నాకౌట్ కణాల మీద పరీక్షించింది. పేపర్లలో విపరీతంగా వాడినది ఆ ప్రోటీన్‌ని పట్టుకోనే లేదు. ఎవరూ పెద్దగా పట్టించుకోనివి చక్కగా పనిచేశాయి. 2023లో అదే దారిలో 65 ప్రోటీన్లకు 614 యాంటీబాడీలను పరీక్షించారు. అన్నీ నాడీ పరిశోధనకు సంబంధించిన ప్రోటీన్లే. సగానికి పైగా యాంటీబాడీలు ఏదో ఒక వాడకంలో ఫెయిలయ్యాయి. ఒక్కో ప్రోటీన్‌కి సగటున 12 దాకా పేపర్లు పనికిరాని యాంటీబాడీతో వచ్చినవే. ఇంకో ముఖ్యమైన సంగతి, ఈ పరీక్షలో కంపెనీలు తామే భాగస్వాములయ్యాయి. ఫెయిలైనవాటిలో సుమారు 20 శాతాన్ని అమ్మకం నుంచి తీసేశాయి, 40 శాతానికి దేనికి వాడాలన్న సూచన మార్చాయి. అంటే తప్పు సరుకులోనే ఉందని అమ్మినవాళ్ళే ఒప్పుకున్నట్టు. ఇక్కడి స్కాలర్లు అదే పట్టిక ఫోన్లో తీసి చూపిస్తున్నారు.

దీన్ని ఇంకో గొడవతో కలిపేయకండి. 2006లో నేచర్‌లో వచ్చిన అల్జీమర్స్ పేపర్‌ని 2024 జూన్‌లో వెనక్కి తీసుకున్నారు. అక్కడ సమస్య బ్లాట్ బొమ్మలను మార్చడం. ఇక్కడ బొమ్మ నిజమైనదే, దాని మీద రాసిన పేరు నిజమా కాదా అన్నదే ప్రశ్న.

స్టోర్స్ సెక్షన్ సంగతికి వస్తే, 100 మైక్రోలీటర్ల వయల్ ముప్పై నలభై వేలు పలుకుతుంది, అదీ బయటి దేశం నుంచి వారాల తరబడి ఆగితే వస్తుంది. స్కాలర్ ఇండెంట్‌లో, అంటే కొనమని పెట్టే కాగితంలో, ఒక క్లోన్ నంబరు (సరిగ్గా ఏ యాంటీబాడీయో చెప్పే గుర్తు) రాస్తే, కొటేషన్లు పిలిచాక ఎల్-1, అంటే అందరికన్నా తక్కువ ధర చెప్పినవాడి సరుకు వస్తుంది. కాగితం మీద రెండూ ‘యాంటీ-టౌ’లే. ఒకటి కుందేలు పాలీక్లోనల్ (రకరకాల యాంటీబాడీల మిశ్రమం), ఇంకోటి రీకాంబినెంట్ (జీన్ నుంచి ప్రతిసారీ ఒకేలా తయారయ్యేది) అన్నది తుది ధర కాలమ్‌లో కనపడదు. 2023 పరీక్షలో అన్నిటికన్నా మెరుగ్గా నిలిచింది రీకాంబినెంట్లే, సాధారణంగా ధర ఎక్కువ పలికేవీ అవే. 2024 జూలై బడ్జెట్‌లో ల్యాబ్ కెమికల్స్ దిగుమతి సుంకాన్ని 10 నుంచి 150 శాతానికి పెంచి, గగ్గోలు పుట్టాక రోజుల్లోనే పరిశోధనకు కొనేవాళ్ళకి పాత రేటు ఇచ్చారు. 2025 జూన్‌లో కేంద్రం ప్రభుత్వ కొనుగోళ్ళ జెమ్ పోర్టల్ బయట కొనుక్కునే వెసులుబాటు ఇచ్చింది, కొటేషన్ లేకుండా కొనే పరిమితిని లక్ష నుంచి 2 లక్షలకు పెంచింది. ఒక వయల్‌కి 2 లక్షల పరిమితి ధారాళంగా సరిపోతుంది. ఆ లెక్కన కావలసిన క్లోన్‌నే నేరుగా తెప్పించుకోవచ్చు. ఈ వెసులుబాటు కేంద్ర సంస్థలకి దక్కినంత సులువుగా రాష్ట్ర నిబంధనల మీద నడిచే విశ్వవిద్యాలయాలకి దక్కదు. ఏర్పేడు దగ్గరున్న కేంద్ర సంస్థలు ఐఐటీ, ఐసర్ల పరిస్థితి వేరు, ఊళ్ళో ఉన్న ల్యాబుల పరిస్థితి వేరు.

గైడ్ల పక్షాన ఒక బలమైన మాట మిగిలింది. ఆ 614 యాంటీబాడీల పరీక్ష జరిగింది మనిషి కణాల మీద. ఇక్కడ పనిచేసేది ఎలుక మెదడు మీద. మనిషి కణంలో సరైనది ఎలుకలో సరైనదే అవ్వాలని లేదు. దీనికి నాకౌట్ ఎలుకే కావాలని పట్టుబట్టనక్కర్లేదు. నాడీకణాల ప్రోటీన్ అయిన సినాప్టోఫైసిన్‌కైతే, అది దాదాపు ఉండని కాలేయం ముక్కని అదే ఎలుక నుంచి తీసి బ్లాట్‌లో పక్క లేన్‌లో (వరుసలో) నడిపించినా సగం అనుమానం తీరుతుంది, ఖర్చు దాదాపు సున్నా. అక్కడా అంతే గట్టిగా బ్యాండ్ వచ్చిందంటే ఆ వయల్‌ని అనుమానించొచ్చు. స్కాలర్లు అడుగుతున్నది రెండే: ఆ లేన్ ఫలితాన్ని చేతగానితనం కింద కాకుండా ఫలితం కిందే రాయనివ్వాలి, ఇండెంట్‌లో రాసిన క్లోన్ నంబరుని ఎల్-1 పేరుతో మార్చకూడదు. మొదటిది గైడ్ ఒక్కరి చేతిలో ఉన్న పని. రెండోది ఇంకా ఫైలు మీదే ఉంది.