పల్లీపట్టీ లాంటి రాకెట్

పల్లీపట్టీలో పాకానికి రెండు పనులు. తీపినివ్వడం ఒకటి, పల్లీలన్నిటినీ పట్టి బిళ్లగా నిలబెట్టడం రెండోది. చక్కెరతో నడిచే చిన్న రాకెట్‌లోనూ చక్కెర రెండు పనులు చేస్తుంది. తను మండుతుంది, పక్కనున్న పొడిని విడిపోకుండా పట్టి ఉంచుతుంది. ఆ పొడి పొటాషియం నైట్రేట్. మనం సూరేకారం అనేది దాన్నే. ఈ రెండూ కలిసి గట్టిపడిన ముద్దకు అమెరికా ఔత్సాహికులు ‘రాకెట్ క్యాండీ’ అని పేరు పెట్టుకున్నారు. 1957 అక్టోబరులో స్పుత్నిక్ ఎగిరాక, వెస్ట్ వర్జీనియాలో కోల్‌వుడ్ అనే బొగ్గుగనుల ఊళ్లో హోమర్ హికమ్ అనే కుర్రాడు స్నేహితులతో కలిసి రాకెట్లు కట్టడం మొదలుపెట్టాడు. వాళ్లు వాడిన ఇంధనాల్లో ఇదీ ఒకటి. ఆ కుర్రాడు పెద్దయ్యాక నాసాలో ఇంజినీరయ్యాడు.

గ్రాము పంచదారలో దాదాపు 4 కిలోకేలరీల శక్తి ఉంది. అయినా చెంచాడు పంచదారకు అగ్గిపుల్ల అంటిస్తే మంట నిలవదు. కరుగుతుంది, నల్లబడుతుంది, మాడు వాసన వస్తుంది, అంతే. లోపలి పలుకులకు గాలి అందదు కదా. అదే పంచదార సన్నని ధూళిగా గాలిలో లేస్తే సంగతి వేరు. 2008 ఫిబ్రవరి 7న అమెరికాలోని జార్జియా రాష్ట్రం, పోర్ట్ వెంట్‌వర్త్‌లో ఒక పంచదార కర్మాగారంలో ధూళి అంటుకుని పేలింది. 14 మంది చనిపోయారు. సూరేకారం తనలో దాచుకున్న ఆక్సిజన్‌ను ప్రతి పలుకు పక్కకూ తెచ్చిపెడుతుంది. అందువల్ల ఈ మిశ్రమం మూసిన గొట్టంలో, బయటి గాలి అవసరమే లేకుండా మండుతుంది.

దీపావళి తారాజువ్వలోనూ సూరేకారమే ఉంటుంది, గంధకంతో, బొగ్గుతో కలిసి. కానీ అక్కడ మందును దట్టించాలి. అది పొడి, కరిగించి అచ్చులో పోయడం కుదరదు. చక్కెర అలా కాదు, పలుకుల చుట్టూ పాకంలా చేరి ఏ అచ్చులో ఉంటే ఆ ఆకారంలో బిగుసుకుంటుంది. రాకెట్‌కు ఆ ఆకారమే ప్రాణం.

ఎందుకంటే ఘన ఇంధనం ఉపరితలం మీదే మండుతుంది. మండే వైశాల్యం ఎంతో ఆ క్షణాన పుట్టే వాయువు అంత. మధ్యలో బెజ్జం ఉన్న ఇంధనపు దిమ్మ లోపలినుంచి కాలుతుంటే బెజ్జం పెద్దదై వైశాల్యం పెరుగుతుంది. దిమ్మ రెండు చివర్లూ కూడా కాలుతుంటే పొడవు తరిగి వైశాల్యం తగ్గుతుంది. కొలతలు కుదిరితే ఈ పెరుగుదల, ఆ తరుగుదల సరిపోయి రాకెట్‌ను నెట్టే బలం మొదటినుంచి చివరిదాకా దాదాపు ఒకేలా ఉంటుంది. నాకు ఈ విద్యలో అన్నిటికన్నా అందంగా కనిపించేది ఇదే: ఇంజిన్‌ను నడిపేది మీట కాదు, మరచక్రం కాదు, కేవలం క్షేత్రగణితం.

ఇంకో మెలిక ఉంది. గొట్టంలో పీడనం పెరిగితే ఇంధనం మరింత వేగంగా మండుతుంది, దాంతో పీడనం ఇంకా పెరుగుతుంది. మరి ఆగేదెక్కడ? పీడనం రెట్టింపైతే నాజిల్‌లోంచి, అంటే గొట్టం వెనక ఉండే ఇరుకైన మూతిలోంచి, బయటికి పోయే వాయువు కూడా రెట్టింపవుతుంది. మండే వేగం మాత్రం అంత పెరగదు. అందుకే ఎక్కడో ఒకచోట రాబడీ పోకడా సమానమై పీడనం నిలకడకు వస్తుంది. దిమ్మలో ఒక్క పగులు చాలు, ఈ లెక్కంతా తప్పడానికి. మంట పగుల్లోకి దూరుతుంది, మండే వైశాల్యం ఒక్కసారిగా పెరుగుతుంది, నిలకడకు రావాల్సిన పీడనం గొట్టం తట్టుకోలేనంత పైకి పోతుంది. ఆ క్షణాన అది రాకెట్ కాదు, బాంబు.

ప్రమాదం అంతకుముందే పొయ్యి దగ్గరా ఉంది. పంచదార 186 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఆ వేడికే దాని అణువులు విరిగిపోవడమూ మొదలవుతుంది. పాకం బంగారు రంగునుంచి మాడుకు ఎంత త్వరగా మారుతుందో వంటింట్లో అందరికీ తెలుసు. ఇక్కడ మాడేది సూరేకారం కలిసిన పాకం. మధుమేహం ఉన్నవాళ్ల మిఠాయిల్లో వాడే సార్బిటాల్ 95 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి చాలామంది దానివైపు మొగ్గారు. కెనడాకు చెందిన రిచర్డ్ నక్కా ఇలాంటి చక్కెరలను దశాబ్దాలపాటు పరీక్షించి, ఆ కొలతలను అందరికీ అందుబాటులో పెట్టారు. అయినా అన్నిటికీ ఒక బలహీనత ఉంది. వానాకాలంలో మూత తీసి ఉంచిన పట్టీలా ఇవి తేమ పీల్చుకుని జిగటగా మారతాయి.

పాళ్లు, వండే పద్ధతి నేను రాయడం లేదు, అది తెలిసే చేస్తున్న పని. మన దేశంలో లైసెన్సు లేకుండా ఇలాంటివి తయారు చేయడం నేరం. అదొక్కటే కాదు, 1950ల అమెరికాలో ఇంట్లో ఇంధనం కలిపి గాయపడిన పిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్లకోసమే నెబ్రాస్కాలో చెప్పుల దుకాణం నడిపే ఆర్విల్ కార్లైల్, రాకెట్ ఇంజినీరు హ్యారీ స్టైన్ కలిసి, కర్మాగారంలో తయారైన చిన్న మోటార్లతో ఎగిరే మోడల్ రాకెట్లను ప్రచారంలోకి తెచ్చారు. ఇంధనాన్ని పిల్లలు ముట్టుకోనక్కర్లేదు, రాకెట్ కట్టడంలోని ఆనందం మాత్రం వాళ్లదే.

ఇంత నేర్పు చూపినా చక్కెర ఇంధనం బలహీనమైనదే. కారణం ఆ రాకెట్ వెనక కనిపించే దట్టమైన తెల్లటి పొగ. మండాక నలభై శాతానికి పైగా ద్రవ్యం పొటాషియం కార్బొనేట్ తుంపరలుగా మారుతుంది. పూర్వం బట్టలుతకడానికి వాడిన చెట్ల బూడిదలో ఉండే లవణమే అది. వాయువైతే నాజిల్‌లో వ్యాకోచించి వేగం పుంజుకుంటుంది. తుంపరలు వ్యాకోచించవు, ఊరికే ఆ గాలితో కొట్టుకుపోతాయి. ఇంధనం సత్తా కొలవడానికి ఒక లెక్క ఉంది: కిలో ఇంధనం, కిలో బరువును మోసేంత బలాన్ని ఎన్ని సెకన్లు ఇవ్వగలదు? చక్కెర ఇంధనానికి అది సుమారు 130. పీఎస్‌ఎల్‌వీ మొదటి దశకు నేల దగ్గర 237.

ఆ మొదటి దశలో 139 టన్నుల ఘన ఇంధనం ఉంటుంది. అందులో ఆక్సిజన్ ఇచ్చేది అమ్మోనియం పెర్‌క్లోరేట్, వేడి పెంచేది అల్యూమినియం పొడి, వీటిని పట్టి ఉంచుతూ తానూ మండేది ఒక రకం రబ్బరు. శ్రీహరికోటలో దాన్ని ముద్దగా కలిపి, అచ్చుపోసి, గట్టిపరుస్తారు. 2022 నవంబరు 18న అక్కడినుంచే హైదరాబాదు సంస్థ స్కైరూట్ పంపిన విక్రమ్-ఎస్ 89.5 కిలోమీటర్ల ఎత్తుకు చేరింది కూడా ఘన ఇంధనంతోనే. పాకం స్థానంలో రబ్బరు వచ్చింది, సూత్రం మారలేదు.

చక్కెర రాకెట్‌ను అంతరిక్షపు హద్దుగా చెప్పే 100 కిలోమీటర్ల ఎత్తు దాటించాలని ‘షుగర్ షాట్ టు స్పేస్’ అనే ఔత్సాహికుల బృందం లక్ష్యం పెట్టుకుంది. గాలి నిరోధం లేదనుకున్నా ఆ ఎత్తుకు సెకనుకు 1400 మీటర్ల వేగం కావాలి. శ్రీహరికోట ఇంధనంతో అయితే బయల్దేరే బరువులో సగంకన్నా తక్కువ ఇంధనం చాలు. చక్కెరతో అయితే మూడింట రెండొంతులు ఇంధనమే ఉండాలి. మిగిలిన ఒక్క వంతులోనే గొట్టం, నాజిల్, పారాచూట్, పరికరాలు అన్నీ ఇమడాలి.