ప్రతి నత్తా ఆఫ్రికా నత్త కాదు: అపోహలు - వాస్తవాలు

మహేంద్రగిరి వాలుల్లో, గజపతి, రాయగడ జిల్లాల అడవుల్లో నేల మీద బతికే నత్తల మీద పని చేస్తాను. ఏ జాతి ఎక్కడుంది, దేనికి ఏది దగ్గర చుట్టం, ఎప్పుడు ఎలా వేరుపడ్డాయి, ఇదే నా పరిశోధన. తొలకరి పడిందంటే పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం నుంచి, సరిహద్దు అవతల పాతపట్నం నుంచి కూడా ఫోన్‌కి ఫొటోలు మొదలవుతాయి. "మేడమ్, ఆఫ్రికా నత్తలొచ్చేశాయి, ఏ మందు కొట్టమంటారు?" అని. వాటిలో చాలా ఫొటోల్లో ఉండేది ఆఫ్రికా నత్త కాదు. ముందు అదేమిటో తేలాలి, మందు సంగతి ఆ తర్వాత.

అపోహ: పెద్దది ఆఫ్రికా నత్త, చుట్టూ ఉన్న చిన్నవి దాని పిల్లలు

భారతదేశంలో నేల నత్తలు వెయ్యి జాతులకు పైనే ఉన్నాయి. వాటిలో చాలావాటి గుల్ల పూర్తిగా ఎదిగాక కూడా సెంటీమీటరు దాటదు. పూలకుండీల్లో సూదిలా సన్నగా, పసుపు రంగులో కనిపించేది అలోపియాస్. దాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి, చాలాసార్లు గుల్లలోంచి తెల్లటి గుడ్లు కనిపిస్తాయి. గుడ్లు మోస్తున్నది పిల్లనత్త ఎలా అవుతుంది?

ఆఫ్రికా నత్త, అంటే లిసాకటీనా ఫులికా, గుల్ల పొడుగ్గా, కొస తేలి ఉంటుంది. గోధుమరంగు చారలు చుట్లకు అడ్డంగా పడతాయి. ఎదిగినవి మామూలుగా 7 నుంచి 10 సెంటీమీటర్లు, అరుదుగా 20 దాకా. మన క్రిప్టోజోనా గుల్ల వెడల్పుగా, కాస్త అణిగి ఉంటుంది. దాని మీది పట్టీ చుట్టుతో పాటే తిరుగుతుంది. చార చుట్టును కోస్తోందా, చుట్టు వెంట వెళ్తోందా అన్నది చూస్తే సగం తగాదా అక్కడే తీరిపోతుంది. తేనెరంగులో నిగనిగలాడే పల్చటి గుల్ల ఉన్నది మాక్రోక్లామిస్. ఈ రెండూ ఎక్కువగా కుళ్లిన ఆకు, నాచు, బూజు తింటాయి. అలాగని బుద్ధిమంతులేం కావు, నారుమడి దొరికితే లేత మొక్కల్ని కూడా కొరుకుతాయి. అయినా ఆఫ్రికా నత్త చేసే నష్టంతో పోలిస్తే అది లెక్కలోది కాదు.

అపోహ: ఆఫ్రికా నత్తలు ఎప్పటి నుంచో ఇక్కడే ఉన్నాయి

లేవు. దీని పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా. విలియం బెన్సన్ అనే ఆయన 1847లో మారిషస్ నుంచి ప్రాణంతో ఉన్నవాటిని తెచ్చాడు. అవి కలకత్తా చౌరంగీ తోటల్లోకి చేరాయి. ఈ బెన్సన్ నత్తల శాస్త్రంలో చిన్నవాడేం కాదు. మన దేశపు నత్తలెన్నింటికో మొదట పేరు పెట్టింది ఆయనే. ఇప్పటికీ వాటి శాస్త్రీయ నామం పక్కన ఆయన పేరు రాస్తాం. నత్తల్ని అంతగా ప్రేమించినవాడి చేతి మీదుగానే ఈ బెడద రావడం మా రంగానికి మింగుడుపడని సంగతి.

ఇప్పుడు దాన్ని ఊరూరా తిప్పుతున్నది నర్సరీ కుండీలు, మట్టి లారీలు, కూరగాయల లోడ్లు. ఒక్కటి వచ్చినా చాలు. నత్తలో ఆడా మగా రెండూ ఉంటాయి కాబట్టి జత అక్కర్లేదనుకుంటారు కానీ, ఆఫ్రికా నత్తకు మామూలుగా జత కావాలి. కాకపోతే ఒకసారి కలిశాక ఆ వీర్యాన్ని నెలల తరబడి దాచుకోగలదు, విడతకు వందల గుడ్లు పెట్టగలదు. మన అడవుల్లో సైక్లోఫోరస్ లాంటి మూత ఉన్న నత్తల్లోనైతే ఆడ వేరు, మగ వేరు. అవి నేల మీదికి వచ్చిన దారే వేరు. నత్తలు నీళ్లలోంచి నేలకెక్కింది ఒక్కసారి కాదు, వేర్వేరు వంశాల్లో వేర్వేరుగా ఎక్కాయి.

అపోహ: దాన్ని తినే ఇంకో నత్తను తెచ్చి వదిలితే సరి

చదువుకున్నవాళ్ల నోటే ఎక్కువగా వింటాను, అందుకే భయం. పసిఫిక్‌లోని తాహితీ దీవిలో 1974లో, పక్కనున్న మూరియాలో 1977లో సరిగ్గా ఇదే చేశారు. యూగ్లాండినా అనే వేట నత్తను వదిలితే అది స్థానికంగా ఉండే పార్టులా నత్తల మీద పడింది. పదేళ్లు తిరిగేసరికి మూరియా అడవుల్లో పార్టులా జాతులు దాదాపుగా మిగల్లేదు. జాతులు ఎలా విడిపోతాయో అర్థం చేసుకోవడానికి శాస్త్రవేత్తలు తరాల తరబడి చదివిన నత్తలవి. కొన్ని జంతుప్రదర్శనశాలల్లో బతికి, 2015 నుంచి తిరిగి దీవులకు చేరుతున్నాయి. ఆఫ్రికా నత్తేమో ఇంకా ఉంది.

చేతితో ఏరడమే నికరమైన పద్ధతి. సాయంత్రం తడి గోనె సంచులు, బొప్పాయి ఆకులు గట్ల మీద పరిచి, తెల్లవారాక వాటి కింద చేరినవాటిని గ్లవ్స్ వేసుకుని ఏరి, ఉప్పునీళ్ల బకెట్లో వేసి చచ్చాక పాతిపెట్టండి. ఉప్పు బకెట్లోనే ఉండాలి. పొలం మీద చల్లితే నత్త కన్నా ముందు నేల పాడవుతుంది.

అపోహ: ముట్టుకుంటే మెదడు జ్వరం

ఎలుకల ఊపిరితిత్తుల్లో ఉండే ఒక పురుగు పిల్లలు నత్తల్లోనూ పెరుగుతాయి. నత్తను పచ్చిగానో సగం ఉడికించో తిన్నా, నత్త పాకిన ఆకుకూర కడగకుండా తిన్నా మనిషికి మెదడు పొరల వాపు రావచ్చు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి, టెన్షన్ అక్కర్లేదు. చెరువు నత్తల కూర వండుకునే ఇళ్లు మన వైపు చాలానే ఉన్నాయి. బాగా ఉడికించి తినండి, అంతే.

అపోహ: ఎడమకు తిరిగిన గుల్ల దొరికితే అదృష్టం

దక్షిణావర్త శంఖం (పేరు ఎలా ఉన్నా మా లెక్కలో అది ఎడమచుట్టుదే) మీది నమ్మకం నేల నత్తలకూ పాకింది. ఆ నమ్మకం జోలికి నేను వెళ్లను. మొన పైకి, నోరు మీ వైపు ఉండేలా గుల్లను పట్టుకోండి. నోరు మీ ఎడమ చేతి వైపు ఉంటే అది ఎడమచుట్టు. మన దేశంలోనే ఏరియోఫాంటా ప్రజాతిలో చాలావాటికి ఎడమచుట్టే మామూలు. కుడిచుట్టు జాతిలో ఒకటి ఎడమకు తిరిగి పుడితే మాత్రం దానికి జత కుదరడం కష్టం. చుట్టు ఎటు తిరగాలో నిర్ణయించేది ఆ నత్త సొంత జన్యువులు కావు, తల్లివి. జపాన్ దీవుల్లో నత్తల్ని తినే ఒక పాముకు కింది దవడలో కుడివైపు పళ్లు ఎక్కువ, కుడిచుట్టు నత్తల్ని లాగడానికి. ఎడమచుట్టువి దాని నోటికి సరిగ్గా చిక్కవు. అలాంటి చోట ఎడమచుట్టు నిజంగానే అదృష్టం, నత్తకు.

అపోహ: గుల్ల చూస్తే జాతి చెప్పేయొచ్చు, లేదంటే డీఎన్‌ఏ చెప్పేస్తుంది

కొన్నిసార్లు గుల్ల చాలు. చాలాసార్లు చాలదు. ఒకే రకం చోట బతికితే దూరపు చుట్టాలకూ ఒకేలాంటి గుల్ల వస్తుంది. ఐరోపాలోని సెపియా నత్తలోనైతే ఒకే జాతిలో పసుపు, గులాబీ, గోధుమ రంగులు, పట్టీలున్నవీ లేనివీ. అందుకే నత్తను కోసి జననాంగాలు చూస్తాం, నాలుక మీద వరసలుగా ఉండే సన్నని పళ్లను మైక్రోస్కోప్ కింద పెడతాం. డీఎన్‌ఏ కూడా తీస్తాం. అయితే నత్తల మైటోకాండ్రియా డీఎన్‌ఏ చాలా వేగంగా మారుతుంది. ఒకే జాతిలోనూ పెద్ద తేడాలు కనిపిస్తాయి. ఆ తేడా ఎంత శాతమన్న ఒక్క అంకె చూసి కొత్త జాతి అని ప్రకటించేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను.

ఇవన్నీ చేసినా పాత నమూనాతో పోల్చాలి, అక్కడ ఇంకో చిక్కు. మ్యూజియం చీటీ మీద "గంజాం" అని మాత్రమే ఉంటుంది. 1936కి ముందు గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోని జిల్లా. చిలికా సరస్సు వైపు నుంచి శ్రీకాకుళం దాకా అదే. ఆ గుల్ల బరంపురం దగ్గర దొరికిందా, టెక్కలి దగ్గరా? కొండ మీదా, తీరంలోనా? ఆ ఒక్క మాటతో తేలదు. మళ్లీ అన్ని చోట్లా వెతకాల్సిందే.

అందుకే ఫొటో పంపేవాళ్లను ఒకటే అడుగుతున్నాను. పక్క నుంచి ఒకటి, నోటి వైపు నుంచి ఒకటి, అడుగు నుంచి ఒకటి తీయండి, పక్కన రూపాయి బిళ్ల పెట్టండి. ఊరి పేరు, బ్లాకు లేదా మండలం, చెట్టు మీద దొరికిందో రాతి కిందో రాయండి. "మా ఊళ్లో" అని రాస్తే ఇంకో వందేళ్లకు ఇంకెవరో తల పట్టుకోవాల్సి వస్తుంది.