ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టుకు అవుట్‌రీచ్ బృందం: అపోహలు, వాస్తవాలు

ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టులోకి, అంటే కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచి ఎవరైనా బాగుచేయగల సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులోకి, కొత్తవారిని పిలిచి, వచ్చినవారిని నిలబెట్టుకునే పనికి విడిగా ఒక అవుట్‌రీచ్ బృందం ఉండాలని ప్రతిపాదించినప్పుడల్లా ఇంచుమించు ఒకే రకమైన అభ్యంతరాలు ఎదురవుతాయి. వాటిలో ఒకటి రెండు న్యాయమైనవే అయినా, ఎక్కువ భాగం ఈ పని ఎలా సాగుతుందో దగ్గరగా చూడకపోవడం వల్ల పుట్టినవి. నేను ఇదే పనిలో ఉన్నాను కనుక తరచుగా వినిపించేవాటిని ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: సాఫ్ట్‌వేర్ బాగుంటే వాడేవారు పెరుగుతారు, వాడేవారు పెరిగితే పనిచేసేవారు వాళ్లంతట వాళ్లే వస్తారు.

మొదటి సగం కొంతవరకు నిజం. రెండో సగం కాదు. వెబ్ సమాచారాన్ని గుప్తీకరించే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ సాఫ్ట్‌వేర్‌లో 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడేనాటికి అసంఖ్యాకమైన వెబ్‌సైట్ల భద్రత దాని మీద ఆధారపడి ఉండగా, దాని కోసం పూర్తికాలం పనిచేసే డెవలపర్ ఒక్కరే ఉన్నారు. లైనక్స్ ఫౌండేషన్ ఆధ్వర్యంలో పెద్ద కంపెనీలు నిధులతో ముందుకు వచ్చింది ఆ తర్వాతనే. రోజూ వాడే సాఫ్ట్‌వేర్‌ను తానూ బాగుచేయవచ్చన్న ఆలోచన వాడుకరులలో చాలామందికి రాదు. ఎవరైనా అడిగితేనే వస్తుంది.

అపోహ: తలుపులు తెరిచే ఉన్నాయి, ఆసక్తి ఉన్నవారు ఎలాగూ వస్తారు.

దీనికి లైనక్స్ కంప్యూటర్లకు డెస్క్‌టాప్ తయారుచేసే గ్నోమ్ ప్రాజెక్టు అనుభవమే సమాధానం. 2006లో, విద్యార్థులకు ఓపెన్‌సోర్స్ పనికి భృతి ఇచ్చే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ కింద ఆ ప్రాజెక్టుకు 181 దరఖాస్తులు వస్తే, వాటిలో మహిళలు పంపినది ఒక్కటీ లేదు. ఆసక్తి లేకనే రాలేదని సరిపెట్టుకోకుండా, అదే వేసవిలో మహిళల కోసం ప్రత్యేకంగా ఒక కార్యక్రమం ప్రకటించగా వంద వరకు దరఖాస్తులు వచ్చాయి. ఆ ప్రయత్నమే క్రమంగా విస్తరించి అవుట్‌రీచీ అనే ఇంటర్న్‌షిప్ కార్యక్రమంగా మారి, 2015 నుంచి సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్సర్వెన్సీ సంస్థ గొడుగు కింద అనేక ప్రాజెక్టులకు కొత్తవారిని అందిస్తోంది. ఎవరిని పిలుస్తున్నామో పేరు పెట్టి చెప్పడం ఎంత తేడా తెస్తుందో ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు తెలియదు.

అపోహ: అవుట్‌రీచ్ అంటే ప్రచారం.

ప్రచారానికి దాని విలువ దానికి ఉంది. ఫైర్‌ఫాక్స్ మొదటి వెర్షన్ వెలువడిన 2004లోనే వేలాది అభిమానులు చందాలు వేసుకుని న్యూయార్క్ టైమ్స్‌లో రెండు పేజీల ప్రకటన ఇచ్చారు. అలాంటి ప్రకటన సాఫ్ట్‌వేర్‌ను వాడేవారిని తెస్తుంది. ప్యాచ్ (కోడ్‌లో చేసిన మార్పు) పంపాలని వచ్చిన వ్యక్తికి మొదటి గంటలో ఏం జరుగుతుందన్నది మాత్రం పూర్తిగా వేరే ప్రశ్న, అవుట్‌రీచ్ బృందం శ్రమలో ఎక్కువ భాగం అక్కడే ఖర్చవుతుంది.

ఆ గంటను కాస్త దగ్గరగా చూద్దాం. కొత్త వ్యక్తి సూచనల ఫైలు చూస్తూ బిల్డ్ (కోడ్‌ను నడిచే ప్రోగ్రాముగా మార్చడం) మొదలుపెడతాడు. అందులో చెప్పిన లైబ్రరీ (ప్రాజెక్టు ఆధారపడే సిద్ధ కోడ్) వెర్షన్ ఇప్పుడు దొరకదు, ఆ సంగతి పాతవారందరికీ తెలుసు కానీ ఫైలులో దిద్దినవారు లేరు. ఎలాగో దాటి ఒక చిన్న మార్పుతో పుల్ రిక్వెస్ట్ (ఆ మార్పును చేర్చుకోమనే అభ్యర్థన) పంపితే, ఆటోమేటిక్ పరీక్షల్లో ఒకటి విఫలమై ఎర్ర గుర్తు కనబడుతుంది. ఆ పరీక్ష నెలల తరబడి అప్పుడప్పుడూ అకారణంగా విఫలమవుతూనే ఉంది కనుక మెయింటెయినర్లు (ప్రాజెక్టును నిర్వహించేవారు) దాన్ని పట్టించుకోరు, మళ్లీ నడిపిస్తారంతే. కొత్త వ్యక్తి మాత్రం తప్పు తనదేననుకుని తన కోడ్‌లో లేని దోషాన్ని వెతుకుతాడు, ఎవరినీ అడగడానికి మొహమాటపడతాడు, చివరికి ఆ పేజీ మూసేసి వెళ్లిపోతాడు. ఇలా వెళ్లినవారు ఫిర్యాదు చేయరు కాబట్టి వారి సంఖ్య ఏ లెక్కలోనూ కనబడదు. అవుట్‌రీచ్ బృందం మొట్టమొదట చేయవలసినది ఆ సూచనల ఫైలును ఖాళీ కంప్యూటర్‌లో అక్షరం పొల్లుపోకుండా అమలుచేసి చూడటం, ఆ పరీక్షను సరిచేయించడం లేదా తీయించడం.

అపోహ: బహుమతులు, పోటీలు పెడితే కంట్రిబ్యూటర్లు (ప్రాజెక్టుకు పనిచేసిపెట్టేవారు) పెరుగుతారు.

పుల్ రిక్వెస్టులు పెరుగుతాయి. 2020 అక్టోబరులో, పుల్ రిక్వెస్టులు పంపినవారికి బహుమతి ఇచ్చే హాక్టోబర్‌ఫెస్ట్ కార్యక్రమం టీషర్టు కోసం రీడ్‌మీ ఫైళ్లలో (ప్రాజెక్టు పరిచయం ఉండే ఫైళ్లలో) ఒక మాట చేర్చి, మరో మాట తీసి పంపిన మార్పులు వెల్లువెత్తడంతో మెయింటెయినర్లు విసిగిపోయారు. దాంతో నిర్వాహకులు నడిమధ్యలో నియమం మార్చి, ముందుగా సమ్మతి తెలిపిన ప్రాజెక్టులకే ఆ కార్యక్రమాన్ని పరిమితం చేయవలసి వచ్చింది. ఎంతమంది వచ్చారన్న లెక్క కంటే, మొదటి మార్పు పంపినవారిలో ఎంతమంది మూడోది పంపారన్న లెక్కనే నేను నమ్ముతాను.

అపోహ: కొత్తవారికి అనువైన పని అని సూచించే గుడ్ ఫస్ట్ ఇష్యూ లేబుల్ తగిలిస్తే పని అయిపోయినట్టే.

లేబుల్ తగిలించడానికి క్షణం చాలు, దానికి తగ్గట్టు ఇష్యూ (చేయవలసిన పని వివరణ) రాయడానికి అరగంట పడుతుంది. ఏ ఫైలు తెరవాలి, ఏ పరీక్ష నడపాలి, సందేహం వస్తే ఎవరిని అడగాలి అన్న మూడూ అందులో లేకపోతే ఆ లేబుల్ పాతవారికి సులువుగా తోచిన పనిని మాత్రమే సూచిస్తుంది. చేస్తానని పేరు రాసుకుని మాయమైనవారి నుంచి ఇష్యూను వెనక్కి తీసుకునే గడువు కూడా ముందే రాసి ఉంచాలి. లేకపోతే జాబితాలో ఉన్నవన్నీ ఎవరో తీసుకున్నవే అయి, తర్వాత వచ్చినవారికి ఏమీ మిగలదు.

అపోహ: కొత్తవారికి తలుపులు తీస్తే భద్రతకు ముప్పు.

ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ సాఫ్ట్‌వేర్‌లో 2024 మార్చిలో బయటపడిన ఉదంతాన్ని ఈ వాదనకు సాక్ష్యంగా చూపుతున్నారు. అక్కడ అలసిపోయి ఒంటరిగా నెట్టుకొస్తున్న మెయింటెయినర్ మీద వేర్వేరు ఖాతాల నుంచి ఒత్తిడి తెచ్చి, ఓపికగా నమ్మకం సంపాదించి, ఆ తర్వాతే కోడ్‌లో దొంగదారి పెట్టారు. బాధ్యత ఒక్కరి మీదే ఉండటం వల్ల ఆ ఎత్తు పారిందని నా అభిప్రాయం. కొత్తవారిని ఆదరించడం వేరు, వారికి మెర్జ్ హక్కు (మార్పులను అసలు కోడ్‌లో కలిపే అధికారం) ఇవ్వడం వేరు. ఈ రెండింటి మధ్య మెట్లు ఏమిటో రాసిపెట్టడం అవుట్‌రీచ్ బృందం చేయవలసిన పనులలో ఒకటి.

అపోహ: ఇది కోడ్ రాయలేనివారికి అప్పగించే పని.

ప్యాచ్ పంపిన వ్యక్తికి కావలసింది రివ్యూ (కోడ్‌ను పరిశీలించి అభిప్రాయం చెప్పడం), పలకరింపు ఒక్కటే సరిపోదు. మెర్జ్ హక్కు ఉన్న ఒక మెయింటెయినరైనా బృందంలో లేకపోతే, మిగతావారు ఎంత మర్యాదగా స్వాగతం పలికినా ఆ ప్యాచ్ అక్కడే పడి ఉంటుంది. ప్రారంభానికి ముగ్గురు చాలు: వారానికి కొన్ని గంటలు రివ్యూకే కేటాయించగల ఆ మెయింటెయినర్, డాక్యుమెంటేషన్ చూసుకునేవారు ఒకరు, గడచిన ఏడాదిలోనే ప్రాజెక్టులోకి వచ్చినవారు ఇంకొకరు. మూడో వ్యక్తికి ఎక్కడ తడబడ్డాడో ఇంకా గుర్తుంటుంది, కనుక ఆ స్థానంలోకి ఏటా మరో కొత్తవారిని తీసుకోవాలి.