గల్లాపెట్టె నిండినా నెలాఖరుకి చేబదులెందుకు? చిన్న తిండి వ్యాపారం లెక్కల్లో అపోహలు - వాస్తవాలు

లెక్కలు చూసిపెట్టమని నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది చెయ్యి తిరిగిన వంటవాళ్లే. కొట్టు ముందు జనం ఉంటారు, సాయంత్రానికి గల్లాపెట్టె నిండుతుంది, తీరా అద్దె కట్టాల్సిన రోజున చేబదులు వెతుక్కుంటారు. "డబ్బంతా ఎటు పోతోందో తెలియడం లేదండీ" అనేదే అందరి మొదటి మాట. వంటగది నడిపిన తొలి రెండేళ్లు నేనూ ఇదే మాట అన్నాను.

దీనికి కావలసిందల్లా కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, బళ్లో నేర్చుకున్న త్రైరాశికం. కింద వేసిన అంకెలన్నీ ఉదాహరణకే. మీ ధరలు పెట్టుకుని మళ్లీ వేసి చూడండి.

అపోహ: సాయంత్రం చేతిలో మిగిలిందే లాభం

గల్లాలో ఉన్న డబ్బులో రేపటి సరుకూ ఉంది, నెలాఖరు అద్దే ఉంది, పనివాళ్ల జీతమూ ఉంది. పైగా ఇవాళ వాడిన నూనె పోయిన వారం కొన్నది. అందుకే రోజు నగదు చూసి లాభం చెప్పడం కుదరదు.

నెలలో ఎంత సరుకు వాడారో తెలియాలంటే ఒకటో తారీఖున ఉన్న సరుకు విలువకు ఆ నెల కొన్నది కలిపి, ఆఖరి రోజు మిగిలినది తీసెయ్యండి. 12,000 సరుకుతో మొదలుపెట్టి, 40,000కి కొని, చివర 9,000 మిగిలితే వాడింది 43,000. బిల్లులు మాత్రమే కూడినవాళ్లకు 40,000 అనిపిస్తుంది. ఆ మూడు వేల తేడాని లాభం అనుకుని ఖర్చుపెట్టేస్తారు.

అపోహ: కిలో ధర తెలిస్తే సరుకు ఖర్చు తెలిసినట్టే

తరుగు సంగతి మర్చిపోతారు. ఉల్లిపాయలు కిలో 40 చొప్పున 10 కిలోలు కొన్నారు, 400 అయింది. పొట్టు, తొడిమలు, కుళ్లినవి తీసేశాక కాటా మీద పెడితే ఎనిమిదిన్నర కిలోలే ఉన్నాయి. 400ని 8.5తో భాగిస్తే 47. మీ గిన్నెలో పడే ఉల్లిపాయ ధర 47, సంచిలోది 40. ఎముకలున్న మాంసానికీ, తొక్కా గింజలూ ఉన్న పండ్లకీ ఈ తేడా ఇంకా ఎక్కువ. తరుగు ఎంతో ఎవరినీ అడగకండి, మీ కత్తితో మీరే తరిగి తూచండి. ఇద్దరు మనుషుల చేతిలో ఒకే బస్తాకి రెండు తరుగులు వస్తాయి.

మరి చిటికెడు, గుప్పెడు లెక్క తేలేదెలా? కొత్త మసాలా పొట్లం విప్పినప్పుడు దాని మీద తేదీ రాయండి. అయిపోయేలోపు ఎన్ని ప్లేట్లు వచ్చాయో చూసి పొట్లం ధరని ఆ సంఖ్యతో భాగించండి. గ్యాస్‌కైతే వంటకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి సిలిండర్‌ని తూచండి. తగ్గిన బరువే వాడిన గ్యాస్. వేయించే నూనెకీ అంతే: మూకుట్లో పోసినది, చివర మిగిలినది కొలవండి. ఒక్కో వంటకానికి రెండు మూడు రోజులు ఈ పని చేస్తే చాలు, రోజూ అక్కర్లేదు.

అపోహ: ఒక గరిటె అటూ ఇటూ అయితే కొంప మునిగిపోదు

ఒకావిడ వంట చేస్తుంది, భర్త వడ్డిస్తాడు. ప్లేటుకి 150 గ్రాములని ఆవిడ లెక్క. ఆరు కిలోలు వండితే 40 ప్లేట్లు రావాలి, రోజూ 33కే గిన్నె ఖాళీ అయ్యేది. సరుకు ఎవరో ఎత్తుకుపోతున్నారని ఆవిడ అనుమానం. నేను వెళ్లి ఆయన వడ్డించిన ప్లేట్లు పది వరసగా తూచాను. దాదాపు అన్నీ 180 గ్రాములే. ఆయన చెయ్యి పెద్దది, పాపం, మనసూ పెద్దదే.

ప్లేటు 80 చొప్పున ఏడు ప్లేట్లంటే రోజుకి 560. నెలకి 26 రోజులు కొట్టు తీస్తే 14,560. దొంగ దొరికాడు, కానీ ఇంటివాడే! గరిటె మార్చి చిన్నది ఇచ్చాం. తగ్గిందని కొనేవాళ్లెవరూ అడగలేదు. కొసరు వెయ్యొద్దని నేను అనను. వేస్తే 180 గ్రాముల ఖర్చు కట్టి ధర పెట్టండి.

అపోహ: ఖర్చు మీద 30 శాతం వేసుకుంటే 30 శాతం లాభం

ఖర్చు 100 అయితే 130కి అమ్ముతారు. వచ్చిన 130లో మిగిలింది 30, అంటే అమ్మకంలో 23 శాతమే. అమ్మకంలో 30 శాతం మిగలాలంటే 100ని 0.7తో భాగించాలి, సుమారు 143 వస్తుంది.

డెలివరీ యాప్ కమిషన్ దగ్గరా ఇదే తప్పు. 80 రూపాయల ప్లేటుకి కమిషన్ 25 శాతం అనుకుందాం. యాప్‌లో 100 పెడితే సరిపోతుందనుకుంటారు. వాళ్లు 100 మీద 25 కోసుకుంటే మీకొచ్చేది 75. చేతికి 80 రావాలంటే 80ని 0.75తో భాగించి 107 పెట్టాలి. కమిషన్ అమ్మకం మీద పోతుంది, మీ ఖర్చు మీద కాదు.

అపోహ: సరుకు ఖర్చుకి మూడింతలు ధర పెడితే ఇక చూసుకోనక్కర్లేదు

మొదటి అంచనాకి పనికొచ్చే సూత్రమే. దాన్నే పట్టుకు వేలాడితే మాత్రం చిక్కు. ఒక వంటకానికి సరుకు 20, ధర 60, మిగులు 40. ఇంకోదానికి సరుకు 50, ధర 110, మిగులు 60. సూత్రం ప్రకారం రెండోది తప్పుడు ధర, అయినా ప్లేటుకి ఎక్కువ మిగిల్చేది అదే. ఇక్కడితో ఆగితే అదీ పొరపాటే. మొదటిది ఐదు నిమిషాల్లో పొయ్యి దిగుతుంది, రెండోదానికి పావుగంట. మీకున్నది ఒకే పొయ్యి, బయట జనం నిలబడి ఉన్నారు. గంటలో మొదటిది 12 ప్లేట్లు, మిగులు 480. రెండోది నాలుగే, మిగులు 240. రద్దీ వేళ ఏది వండాలో శాతం చెప్పదు, గడియారం చెబుతుంది.

అపోహ: ధర తగ్గిస్తే గిరాకీ పెరిగి లాభం దానంతటదే వస్తుంది

దీని మీద నాకు కాస్త పట్టుదల ఎక్కువ, ఓపిక పట్టండి. ప్లేటు ధర 80. సరుకు 36, గ్యాస్ 4, ప్యాకింగ్ 5, మొత్తం 45. మిగులు 35. అద్దె, కరెంటు, సహాయకుడి జీతం లాంటివి, అంటే అమ్మినా అమ్మకపోయినా తప్పని స్థిరఖర్చులు, నెలకి 24,000. దాన్ని 35తో భాగిస్తే 686 ప్లేట్లు, 26 రోజులకి రోజుకి 27. అక్కడికి నష్టం లేదు, లాభమూ లేదు.

ఇప్పుడు ధర 70 చేశారు. మిగులు 25. అదే 24,000 రావడానికి 960 ప్లేట్లు కావాలి, రోజుకి 37. ధర తగ్గింది ఎనిమిదో వంతు, గిరాకీ 40 శాతం పెరిగితే తప్ప మీరున్న చోటే ఉండలేరు. అదే 84 చేసి చూడండి. మిగులు 39, కావలసినవి 616 ప్లేట్లు, రోజుకి 24. పదిమందిలో ఒకరు అలిగి వెళ్లిపోయినా నష్టం రాదు. చిన్న వ్యాపారుల్లో ధర తగ్గించేవాళ్లనే ఎక్కువ చూశాను. నాలుగు పెంచమంటే మాత్రం టెన్షన్ పడతారు.

అపోహ: నేనే వండుకుంటున్నా కదా, నాకు జీతమేంటి

రోజుకి 30 ప్లేట్లు అమ్మే మనిషికి నెలకి 780 ప్లేట్లు, మిగులు 27,300. స్థిరఖర్చు 24,000 పోగా 3,300. "లాభమే కదా" అంటారు. రోజుకి పది గంటల చొప్పున నెలకి 260 గంటలు నిలబడితే వచ్చినది గంటకి 13 లోపే. మీ స్థానంలో మనిషిని పెడితే నెలకి 15,000 ఇవ్వాల్సి వస్తుందనుకోండి, దాన్నీ కలిపితే స్థిరఖర్చు 39,000. రోజుకి 27 కాదు, 43 ప్లేట్లు అమ్మాలి. ఈ లెక్క చూపిస్తే కొందరు నా మీద కోపం తెచ్చుకుంటారు.

ఫ్రిజ్ సంగతీ అంతే. 36,000 పెట్టి కొన్నది ఐదేళ్లు పనిచేస్తే నెలకి 600 ఖర్చు, డబ్బు ఎప్పుడో కట్టేసినా సరే.

అపోహ: మిగిలిపోయినా ఫర్వాలేదు, కొనడానికి వచ్చినవాళ్లని మాత్రం వెనక్కి పంపకూడదు

వంటకాన్ని బట్టి ఉంటుంది. పైన చెప్పిన 80 రూపాయల ప్లేటు ఒకటి పారేస్తే, ప్యాకింగ్ మిగిలింది కాబట్టి, పోయేది 40. ఒక మనిషి ఉత్త చేతులతో వెళ్తే పోయేది 35. అలాంటప్పుడు ఒకటి రెండు తక్కువ వండటమే మేలు. సరుకు 15, ధర 60 ఉన్నదైతే తిరగబడుతుంది, దాన్ని ధారాళంగా వండండి.

అపోహ: ఎక్కువ కొంటే చవక

కిలో 50 సరుకుని పది కిలోలు తీసుకుంటే 45కే ఇచ్చారు. రెండు కిలోలు పాడైతే 450ని ఎనిమిదితో భాగించండి: 56.

అపోహ: సరుకు ధర పెరిగిన ప్రతిసారీ లెక్కంతా మళ్లీ వెయ్యాలి

ప్లేటులో నూనె వాటా 6 అనుకుంటే, నూనె 20 శాతం పెరిగినా పడే భారం రూపాయిన్నర కూడా ఉండదు, 1.20 అంతే. ప్రధాన సరుకు వాటా 22 అయితే అదే 20 శాతానికి 4.40 పెరిగి, మిగులు 35 నుంచి 30.60కి దిగుతుంది. మీ జీతం కలపని లెక్కలోనే 686 ప్లేట్లు కాస్తా 785 అవుతాయి. అందుకే ప్లేటు ఖర్చులో పెద్ద వాటా ఉన్న రెండు మూడు సరుకుల ధరలే పొయ్యి పక్కన గోడ మీద రాసి పెట్టమంటాను. అవి మారిన రోజున ఆ ఒక్క వరస కొట్టేసి కొత్తది రాస్తే సరి.